వైద్య పరిశోధనకు పద్దు ప్రాణము

ఆరోగ్య పరిశోధన నిమిత్తము మన గ్రామమునకు ఒక బృందము వచ్చినదనుకొందము. వారు ఇంటింటికి పోయి పేరు, వయస్సు అడుగుదురు. ఎత్తు, బరువు కొలుతురు. రక్తపు పోటు చూతురు. చిన్న గొట్టములో కొంచెము రక్తము తీసికొందురు. సాయంకాలమునకు జీపు ఎక్కి వెళ్ళిపోవుదురు. “మా రక్తము పట్టుకొని పోయినారు, అది ఏమైనదో!” అని రచ్చబండ కడ పెద్దలు అనుకొనుట సహజము. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆ రక్తపు బొట్టు పరీక్షాలయములో ఒక అంకెగా మారును. ఆ అంకె ఒక పట్టికలో చేరును. వేలమంది అంకెలు ఒకచోట చేరి, సరిపోల్చబడి, తుదకు “ఈ మందు మేలు చేయును”, “ఈ మందు పనికిరాదు” అను తీర్పుగా పరిణమించును. ఈ ప్రయాణములో ఎక్కడ పొరపాటు జరిగినను తీర్పు తలక్రిందులు కావచ్చును. అట్టి పొరపాటు జరుగకుండ కాచు విద్యను వైద్య సమాచార శాస్త్రము అందురు. ఈ విద్యలో ఆరితేరినవారు నేడు పెద్ద వైద్య కళాశాలలలోను, పరిశోధన సంస్థలలోను ప్రత్యేక విభాగములుగా ఏర్పడి పరిశోధకులకు తోడ్పడుచున్నారు. వీరు రోగికి కనబడరు. వీరు ముందు పెట్టుకొని కూర్చుండునది కంప్యూటరు. అయినను వీరి పని చెడిన, డాక్టరు పడిన శ్రమ, రోగి చేసిన త్యాగము రెండును వ్యర్థమగును.

ప్రయోగశాల నుండి పల్లెకు

పరిశోధన అనగా గాజు గొట్టముల నడుమ జరుగునదే యని మనలో పలువురు తలంతురు. అది ఆరంభము మాత్రమే. ప్రయోగశాలలో కనుగొన్న విషయము మనుష్యులకు ఉపకరించునో లేదో రోగుల సమ్మతితో పరీక్షించి చూచుట చికిత్సా పరిశోధన. అట్లు తేలిన సత్యమును ఆసుపత్రికి, ఆసుపత్రి నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటి నుండి మన ఇంటి గడపకు చేర్చు మార్గమును వెదకుట అనువర్తన పరిశోధన. ఈ దారి రెండు వైపుల నడచును. పల్లెలో కనబడిన రుగ్మత ప్రయోగశాలకు ప్రశ్నయై పోవును. జవాబు మందుగానో, టీకాగానో, ఆహార నియమముగానో పల్లెకు తిరిగి వచ్చును. ఆ ప్రశ్నను, ఆ జవాబును చెడకుండ మోయునది పద్దు.

పూర్వము మన గ్రామములలో కరణము అడంగలు వ్రాసెడివాడు. ఒక్క సర్వే నంబరు తప్పు పడిన, ఒకరి భూమి మరియొకరి పేర చేరి, తాతల నాటి పొరపాటునకు మనుమలు కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చెడిది. భూమి పద్దులో తప్పు పడిన నష్టపోవునది ఒక కుటుంబము. వైద్య పద్దులో తప్పు పడిన, దానిని నమ్మి మందు వేసికొను కుటుంబములన్నియు నష్టపోవును.

హైదరాబాదు చెంత 29 గ్రామములు

దీనికి మన ప్రాంతములోనే ఒక చక్కని ఉదాహరణ కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987 - 1990 సంవత్సరముల మధ్య నగరమునకు సమీపమున ఉన్న 29 గ్రామములలో ఒక అధ్యయనము నడిపినది. వానిలో 15 గ్రామములలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినము అదనపు ఆహారము అందుచుండెను. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో సోయా నూనె వేసి చేసిన ఉప్మా అది. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికింకను చేరలేదు. ఈ ఆహారము వలన పుట్టిన బిడ్డ బరువు పెరుగునా అనునదే ఆనాటి ముఖ్య ప్రశ్న.

కథ అక్కడితో ముగిసి ఉండవలసినది. కాని 2003 - 2005 నడుమ పరిశోధకులు ఆ గ్రామములకు మరల వచ్చిరి. నాడు పుట్టిన పిల్లలు అప్పటికి 13 నుండి 18 ఏండ్ల వారైరి. వారిలో 1165 మందిని పరీక్షించి, ఫలితములను 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. అదనపు ఆహారము అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉండిరి. వారి శరీరములు ఇన్సులిన్‌కు మెరుగుగా స్పందించుచుండెను. వారి ధమనులలో బిరుసుదనము తక్కువగా నుండెను. ఇవి జబ్బులు కావు; మున్ముందు మధుమేహము, గుండె జబ్బు వచ్చు అవకాశమును సూచించు గురుతులు. తల్లి కడుపులో ఉన్ననాడు, పసితనమున అందిన పిడికెడు ఆహారము పదిహేనేండ్ల తరువాత కూడ రక్తనాళములలో తన జాడ చూపగలదని దీనివలన మనకు బోధపడుచున్నది. అటుపిమ్మట ఈ అధ్యయనము తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడ చేర్చుకొని ‘ఆంధ్రప్రదేశ్ పిల్లల, తల్లిదండ్రుల అధ్యయనము’ అను పేర విస్తరించినది.

ఈ ఫలితమునకు మూలమేది? వైద్యుల నేర్పు కొంత, గ్రామస్థుల సహనము కొంత. వానితో సమానమైనది ఆ నాటి పద్దు. ఏ తల్లి ఏ ఊరిది, ఏ బిడ్డ ఎప్పుడు పుట్టెను అను వివరములు నాడు కాగితముపై సరిగా పడకున్న, పదిహేనేండ్ల తరువాత ఆ యువకుని ఆ తల్లితో జతపరచుట ఎవరి తరము? ఆడపిల్ల పెండ్లియై అత్తవారి ఊరికి పోవును. ఇంటి పేరు మారును. కూలి కోసము కుటుంబము పట్నము చేరును. ఊరు మారినను, పేరు మారినను మనిషిని గుర్తించగల పద్దు ఉన్నప్పుడే ఇట్టి దీర్ఘకాల పరిశోధన సాధ్యమగును.

పద్దు వ్రాయు విధము

సమాచార నిపుణుని పని బృందము ఊరికి రాకమునుపే ప్రారంభమగును. మొట్టమొదట ప్రశ్నల పత్రము. “మీరు పొగ త్రాగుదురా?” అని అడిగిన, నిన్నటివరకు చుట్ట కాల్చి నేడు మానినవాడు “లేదు” అనును. ఆ జవాబు నిజమే. కాని పరిశోధనకు అది చాలదు. ఎన్నడును త్రాగలేదు, త్రాగి మానితిని, ఇప్పుడును త్రాగుచున్నాను అని మూడు గడులు ఉండవలెను. మన ఉత్తర కోస్తా జిల్లాలలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి అడ్డపొగ త్రాగుదురు. అంగిలిలో పుట్టు పుండ్లకు, కాన్సరునకు ఈ అలవాటునకు గల సంబంధము వైద్యులు ఎరిగినదే. మరియొక దేశము నుండి తెచ్చిన పత్రములో అడ్డపొగకు గడి ఉండదు. గడి లేని విషయము పద్దులో లేదు. పద్దులో లేనిది తీర్పులో రాదు. కావున పత్రమును ఆ ప్రాంతపు అలవాట్లు తెలిసినవారితో కలసి తయారు చేయవలెను.

రెండవది సంఖ్య. ఒకే ఊరిలో ఇరువురు వెంకటలక్ష్ములు ఉండవచ్చును. ఇరువురి భర్తల పేరును సాంబయ్యయే కావచ్చును. ఒకరి రక్తపు ఫలితము మరియొకరి పత్రములో చేరకుండ ప్రతి మనిషికి ఒక సంఖ్య నిత్తురు. ఆ సంఖ్యనే రక్తపు గొట్టము మీద గీతల ముద్రగా అంటింతురు. యంత్రము ఆ గీతలను చదువును కావున చేతివ్రాత తప్పునకు తావుండదు.

మూడవది వయస్సు. పుట్టిన తేదీ తెలియని పెద్దలు మనలో అనేకులు. అట్టివారిని “దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెండ్లి అయినదా?” అని అడుగుదురు. ఆ ఉప్పెన 1977 నవంబరులో వచ్చినది. ఇట్లు అందరికి గుర్తున్న సంఘటనలను వరుసగా వ్రాసికొని, వాని ఆధారమున వయస్సును లెక్కగట్టుదురు.

నాలుగవది హద్దులు. పెద్ద మనిషి ఎత్తు 155 సెంటీమీటర్లు అనుటకు బదులు 1555 అని నొక్కిన కంప్యూటరు వెంటనే అభ్యంతరము తెలుపును. ఇంతకన్న చిక్కైనది కొలమానము. మన పరీక్షాలయములలో రక్తములోని చక్కెరను డెసిలీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పుదురు. కొన్ని దేశములలో లీటరునకు ఇన్ని మిల్లీమోలులని చెప్పుదురు. మన 90 వారి 5తో సమానము. రెండును ఒకే గడిలో కలసిపోయిన, ఆరోగ్యవంతుడు కొన ఊపిరితో నున్నట్లు కనబడును. కావున అంకె ప్రక్కన కొలమానమును కూడ నమోదు చేయుట తప్పనిసరి.

అయిదవది దిద్దుబాటు. తప్పు పడినప్పుడు దిద్దవచ్చును. కాని మొదట ఉన్నదేమి, మార్చినదేమి, ఎవరు, ఏ తేదీన, ఏ గంటకు మార్చిరి అను వివరము చెరగని విధముగా నిలిచియుండవలెను. కాగితముపై కొట్టివేసి ప్రక్కన సంతకము చేయుట వంటిదే ఇది. ఫలితము తనకు అనుకూలముగా రావలెనని ఎవరైన అంకె మార్చిన, ఆ జాడ వారిని పట్టి ఇచ్చును.

అమెరికాలో టెనెసీ రాష్ట్రమందలి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమువారు 2004లో ఈ పనులన్నిటిని ఒకచోట చేయగల సాధనమును నిర్మించిరి. దాని పేరు రెడ్‌క్యాప్. కంప్యూటరు కార్యక్రమములు వ్రాయుట రాని పరిశోధకుడు కూడ దానిలో తన ప్రశ్నల పత్రమును తానే కూర్చుకొనవచ్చును. లాభాపేక్ష లేని సంస్థలకు దానిని ఉచితముగా ఇచ్చుచున్నారు. నూరు దేశములకు పైగా అది వాడుకలో నున్నది. ఇంటర్నెట్ అందని ఊరిలో టాబ్లెట్‌పై వివరములు నమోదు చేసి, పట్నము చేరిన పిమ్మట పంపు సౌకర్యము కూడ దానికి కలదు.

ఒక్క గడి చేసిన మేలు

కోవిడ్ మహమ్మారి చెలరేగిన 2020లో ఏ మందు పనిచేయునో ఎవరికి తెలియదు. ఆ మార్చి నెలలో బ్రిటన్‌లో రికవరీ అను పేర ఒక బృహత్ పరీక్ష ప్రారంభమైనది. 176 ఆసుపత్రులు దానిలో చేరినవి. వార్డులలో ఊపిరి సలుపని డాక్టర్లకు, నర్సులకు భారము కాకుండ పత్రమును మిక్కిలి చిన్నదిగా చేసిరి. రోగి చేరునప్పుడు కొన్ని ప్రశ్నలు; ఇంటికి పోవునప్పుడో, మరణించినప్పుడో, 28 దినములు నిండినప్పుడో మరికొన్ని ప్రశ్నలు. మిగిలిన వివరములను ఆ దేశపు జాతీయ ఆరోగ్య సేవ పద్దులతో జతపరచి తెలిసికొనిరి. ఎవరికి ఏ చికిత్స అను విషయమును కంప్యూటరు చీటీ వేసినట్లు నిర్ణయించెను.

డెక్సామెథసోన్ అను చవకైన పాత స్టెరాయిడు మందును 2104 మందికి ఇచ్చి, ఇవ్వని 4321 మందితో సరిపోల్చిరి. జూన్ 16వ తేదీన ఫలితము వెలువడినది. మొత్తముమీద చూచిన తేడా చిన్నది: 28 దినములలో మరణించినవారు మందు పొందినవారిలో నూటికి 22.9, పొందనివారిలో 25.7. కాని పత్రములో “రోగి ఊపిరికి ఏ సాయము పొందుచున్నాడు?” అను గడి ఒకటి ఉన్నది. ఆ గడి ప్రకారము విడదీసి చూడగా అసలు సంగతి బయటపడినది. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణములు నూటికి 41.4 నుండి 29.3కు తగ్గినవి. ఆక్సిజను మాత్రము పొందువారిలో 26.2 నుండి 23.3కు తగ్గినవి. ఆక్సిజను అవసరము లేనివారికి మేలు కనబడలేదు సరికదా, మందు పొందినవారిలో 17.8, పొందనివారిలో 14.0 చొప్పున మరణించిరి.

ఆ ఒక్క గడి లేకున్న, “కోవిడ్‌కు స్టెరాయిడు మంచిది” అను సగము నిజమే లోకమునకు మిగిలెడిది. సగము నిజము ఎంత చేటో 2021 రెండవ వెల్లువలో మనము చూచితిమి. ఆక్సిజను అవసరము లేనివారు కూడ ఇంటివద్దనే స్టెరాయిడు మాత్రలు మ్రింగిరి. అదుపు తప్పిన మధుమేహమునకు ఈ మాత్రల అతి వాడకము తోడై, బ్లాక్ ఫంగస్ అని మనము పిలిచిన వ్యాధి అనేకుల కన్నులను, ప్రాణములను హరించుటకు కారణమైనది. పద్దు నిజము చెప్పినది. ఆ నిజము పూర్తిగా మన గడపకు చేరలేదు. అనువర్తన పరిశోధన యొక్క ఆవశ్యకత ఇదియే.

చూపలేని పద్దు

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడ ఆ సంవత్సరములోనిదే. 2020 మే 22న లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక వ్యాసము వచ్చినది. 671 ఆసుపత్రులకు చెందిన 96 వేల రోగుల వివరములు చూచితిమనియు, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చినవారిలో మరణములు ఎక్కువగా నున్నవనియు దాని సారాంశము. మూడు దినములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలో ఆ మందును తాత్కాలికముగా నిలిపివేసినది. అంతలో ఇతర శాస్త్రవేత్తలు అంకెలలో పొసగని సంగతులను గుర్తించి, మూల పద్దు చూపుడని కోరిరి. వివరములు సమకూర్చిన సంస్థ వానిని తనిఖీకి ఇవ్వలేదు. జూన్ 4న రచయితలలో ముగ్గురు ఆ వ్యాసమును ఉపసంహరించుకొనిరి. మరునాడు రికవరీ పరీక్షవారు తమ పద్దుల ఆధారమున, ఆసుపత్రిలో చేరిన రోగులకు ఆ మందు వలన ప్రయోజనము లేదని ప్రకటించిరి. మందు పనికిరాదనుట నిజమే కావచ్చును. కాని సాక్ష్యము చూపని తీర్పును ఏ న్యాయస్థానమును అంగీకరించదు. శాస్త్రమును అంతే.

పేరు ఒక పెట్టెలో, జబ్బు మరియొక పెట్టెలో

మనము చెప్పిన సంగతులు ఊరిలో నలుగురి నోట పడునేమో అను భయము సహజమైనది. క్షయ యనియో, హెచ్.ఐ.వి. యనియో తెలిసిన సంబంధములు చెడునని, పని పోవునని జంకుట మనకు తెలియనిది కాదు. అందువలన పేర్లు, ఇంటి వివరములు ఒక పద్దులోను, పరీక్షా ఫలితములు సంఖ్యతో మాత్రమే వేరొక పద్దులోను ఉంచుదురు. రెంటిని కలుపు తాళపు చెవి ఒకరిద్దరు బాధ్యుల కడనే యుండును. లెక్క కట్టువానికి సంఖ్య కనబడును, మనిషి కనబడడు.

గోప్యత కన్న ముందుది సమ్మతి. ఇది కేవలము మర్యాద కాదు. పద్దులో మొదటి పుట. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖ కాన్సరు నిరోధక టీకా వేయు ప్రయోగాత్మక కార్యక్రమము జరిగినది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. కొందరు బాలికల మరణములకు టీకా కారణము కాదని విచారణలో తేలినను, పలు సమ్మతి పత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహముల వార్డెన్లు సంతకములు చేసిరను సంగతి బయటపడినది. పార్లమెంటరీ స్థాయీ సంఘము 2013లో దీనిని తీవ్రముగా విమర్శించినది. ఆ లోపమును వెల్లడించినవి ఆ పత్రములే యని మనము గుర్తింపవలెను. పద్దు పరిశోధకునికి ఎంత అవసరమో, పరిశోధకుని ప్రశ్నించుటకు ప్రజలకును అంతే అవసరము.

మనము అడుగవలసినవి

ఇక బృందము మన ఊరికి వచ్చినప్పుడు మనము చేయవలసినదేమి? ఈ పరిశోధన దేనికొరకు, దీనివలన లాభమేమి, ప్రమాదమేమి అని అడుగవలెను. సమ్మతి పత్రమును మన భాషలో చదివించుకొని, ఒక ప్రతిని మన కడ ఉంచుకొనవలెను. చదువు రానివారు ఆ బృందమునకు సంబంధములేని సాక్షి ఎదుట విని, పిమ్మటనే వేలిముద్ర వేయవలెను. పిల్లల విషయమున తల్లిదండ్రుల సమ్మతి వేరొకరు ఇయ్యరాదు. నడుమ మానుకొనదలచిన మానుకొను హక్కు మనకు కలదు. అందువలన ఆసుపత్రిలో మనకు అందవలసిన సాధారణ చికిత్స ఆగరాదు. మందుల పరీక్షయైనచో అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా అనియు అడుగవచ్చును. 2007 జూలైలో ప్రారంభమైన ఈ పట్టికలో 2009 జూన్ 15 నుండి నమోదు తప్పనిసరియైనది. దానిని ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ఊరిలో చదువుకొన్న యువకులు ఈ సాయము చేయవలెను.

అట్లే మన వంతు బాధ్యతయు కలదు. సమ్మతించిన పిమ్మట నిజము చెప్పవలెను. చుట్ట మానకుండ మానితిమనుట, మందు మ్రింగకుండ మ్రింగితిమనుట, డాక్టరుగారు సంతోషింతురని నొప్పి తగ్గినదనుట పద్దును చెరచును. ఎట్టి కంప్యూటరును అట్టి తప్పును పట్టలేదు. ఎత్తు పదింతలైన యంత్రము అభ్యంతరము తెలుపును. మనిషి చెప్పిన చిన్న అబద్ధమును అది నిజమనియే నమ్మును.

రచ్చబండ కడ పెద్దలు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము దొరికినది. మన రక్తపు బొట్టు పోయి ఒక పద్దులో చేరినది. ఆ పద్దు సరిగా వ్రాయబడి, భద్రముగా నుండి, అడిగినవారికి తనిఖీకి నిలిచినచో, నాటి 29 గ్రామముల తల్లుల వలె మనమును ముందు తరముల బిడ్డలకు మేలు చేసినవారమగుదుము. ఆ పద్దులో మన పేరు పైకి కనబడదు. మన జవాబు మాత్రము నిలుచును. అది నిజమైన జవాబుగా ఉండుట మన చేతిలోనిది. దానిని చెడకుండ కాచుట పరిశోధకుల విధి.